వానకు లెక్క ఉంది, చెరువుకు పటమేది?

జూలై వచ్చిందంటే హైదరాబాద్ ఆఫీసుల్లో సాయంత్రం నాలుగు గంటలకు ఒకటే చర్చ. ఇప్పుడే బయల్దేరాలా, ఏడు దాకా ఆగాలా? కిటికీలోంచి చూస్తే మాదాపూర్‌లో ఎండ కాస్తూ ఉంటుంది. ఫోన్లో చూస్తే కుత్బుల్లాపూర్‌లో అప్పటికే మూడు సెంటీమీటర్లు పడి ఉంటుంది. అరగంటలో అది ఇటే వస్తుందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో రంగుల పటం పెడతారు. ‘బయోడైవర్సిటీ దగ్గర జామ్, గచ్చిబౌలి నుంచి రాకండి’ అని ఇంకొకరు హెచ్చరిస్తారు. పిల్లల్ని ట్యూషన్ నుంచి ముందే తెచ్చుకునే తల్లి, బండి మీద ఇడ్లీలు అమ్మే మనిషి, డెలివరీ కుర్రాడు అందరూ ఆ పటాన్నే చూస్తారు.

అందులోని అంకెలు ఎవరో ఊహించి వేసినవి కావు. టీజీడీపీఎస్ అని క్లుప్తంగా పిలిచే తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థకు రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఏ మండలంలో, నగరంలోనైతే ఏ పేటలో ఎంత వాన పడిందో అవి వెంటవెంటనే నమోదు చేస్తాయి. ఆ లెక్కను సంస్థ అందరి కళ్ల ముందూ పెడుతుంది. వాతావరణం మీద మక్కువ ఉన్న యువకులు కొందరు దాన్ని తీసుకుని, రాడార్ చిత్రాలతో సరిచూసి, ‘వచ్చే గంటలో ఉప్పల్, నాగోల్ జాగ్రత్త’ అని మామూలు మాటల్లో చెబుతారు. వాళ్లకు జీతం లేదు, హోదా లేదు. నగరం మాత్రం వాళ్ల మాట విని గొడుగు తీసుకుంటుంది. ప్రభుత్వం ఒక సమాచారాన్ని తలుపు తీసి బయటపెడితే జనం దాన్ని ఎంత చక్కగా వాడుకుంటారో చూపడానికి ఈ నగరంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఈ లెక్క విలువ 2020 అక్టోబరు 13న తెలిసింది. ఆ రోజు బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా కురిస్తే, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. నగరానికంతటికీ ఒక్క బేగంపేట అంకెనే పట్టుకుని కూర్చుంటే తూర్పు శివార్లలో ఏం జరిగిందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నాలుగైదు రోజుల తర్వాత బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వానెంతో తెలుసు. చెరువు ఎంత నిండిందో, కట్ట ఎంత గట్టిగా ఉందో, తెగితే నీళ్లు ఏ గల్లీల మీదుగా పోతాయో చెప్పే పటం మాత్రం ఆ ఇళ్లవాళ్ల చేతిలో లేదు.

నిజానికి ఈ నగరానికి లెక్కలు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వచ్చి మొదట చేసిన పని లెక్కలు తీయడం. ఎక్కడ ఎన్ని అంగుళాలు పడింది, పరీవాహక ప్రాంతంలో చెరువులెన్ని, అందులో తెగినవెన్ని? నది ఎగువనున్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేల్చారు. ఒకదాని వెనక ఒకటి తెగిన ఆ గొలుసుకట్టు చెరువుల నీరే వరదను అంత భీకరం చేసింది. ఆ లెక్కల మీదనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ లేచాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఆ కాలంలోనే లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి పటాలు గీశారు. పాతనగరంలో ఎక్కడ బావి ఉండేదో, ఎక్కడ తోట ఉండేదో తెలుసుకోవాలంటే పరిశోధకులు ఈనాటికీ ఆ పటాలే తెరుస్తారు.

ఉస్మాన్‌సాగర్ అని కాగితాల్లో రాసినా జనం నోట అది గండిపేటే. దాని పూర్తి మట్టం 1790 అడుగులు. రోజూ జలమండలి తన వెబ్‌సైట్లో ఆ మట్టాన్ని, హిమాయత్‌సాగర్, సింగూరు, మంజీరాలతో పాటు ప్రకటిస్తుంది. వేసవిలో నల్లా రెండు రోజులకోసారి వస్తుందా, మూడు రోజులకా అని లెక్కేసుకునే వాళ్లు దాన్ని చూస్తారు. వానాకాలంలో చూసేవాళ్లు వేరు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తాక మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చాయి. పండగకు ఊళ్లకు పోదామని వచ్చిన ప్రయాణికులు ప్లాట్‌ఫారాల మీద చిక్కుకుపోయారు. ఎన్ని గేట్లు, ఎన్ని క్యూసెక్కులు అన్నది ఇంజినీరుకు పనికొచ్చే అంకె. మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఉండేవాళ్లకు అది ‘రాత్రి పదికల్లా మీ గల్లీ చివరి దాకా నీళ్లొస్తాయి’ అన్న మాటగా మారి, తెలుగులో, ఉర్దూలో, నీళ్లకంటే ముందు చేరాలి.

సమాచారం పక్కనబెట్టి సేవల మాటకొస్తే హైదరాబాద్ దేశానికే దారి చూపింది. ఇందులో గర్వపడటానికి మొహమాటం అక్కర్లేదు. కరెంటు బిల్లుకు ఒక చోట, నీళ్ల బిల్లుకు ఒక చోట, ఇంటి పన్నుకు మరో చోట, ఒక్కోదానికి ఒక్కో పూట సెలవు పెట్టి లైన్లో నిలబడిన రోజులు నలభై దాటిన వాళ్లందరికీ గుర్తే. 1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో ఒక చిన్న కేంద్రం ప్రయోగంగా తెరిచారు. అది 2001 ఆగస్టు 25న ఈసేవ అయింది. ఏ కౌంటర్లోనైనా ఏ బిల్లయినా కట్టొచ్చు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా కట్టొచ్చు. ఇవాళ చిన్న విషయంగా కనిపిస్తుంది. అప్పుడది ప్రభుత్వ ఆఫీసు అనే మాటకు అర్థాన్నే మార్చేసింది. 2011 నవంబరు 4న మీసేవ వచ్చాక కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలు డిజిటల్ సంతకంతో గల్లీలోని దుకాణం దాకా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలతో వాట్సాప్‌లోకే వెళ్లింది.

మీసేవ కేంద్రం నగరంలో ఒక చిన్న సభ. జూన్‌లో కాలేజీ అడ్మిషన్ల ముందు అక్కడికి వెళ్లి చూడండి. ఆదాయం సర్టిఫికెట్ కోసం పిల్లలు, పింఛను పత్రాల కోసం పెద్దవాళ్లు, పాప పుట్టిన తేదీలో తప్పు దిద్దించుకోవాలని వచ్చిన జంట. ‘సర్వర్ బిజీ ఉన్నది, జెరసేపు ఆగుండ్రి’ అని కంప్యూటర్ ముందున్న తమ్ముడు అంటాడు. అతనే దరఖాస్తు నింపుతాడు, ఏ కాగితం తక్కువైందో చెబుతాడు, ‘ఎమ్మార్వో ఆఫీసులో ఆగింది పెద్దమ్మా, మన చేతిలో లేదు’ అని ఓదారుస్తాడు. దరఖాస్తు మన చేతిలోంచి వెళ్లడం వేగమైంది. అవతలి బల్ల మీద అది ఎందుకు ఆగిందో తెలుసుకోవడం మాత్రం అంత వేగం కాలేదు.

2020 నవంబరులో ఆ దుకాణాల ముందు నేలంతా జనమే. వరద బాధితులకిచ్చే పది వేల రూపాయల సాయానికి మీసేవలో దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. తెల్లవారకముందే ఆడవాళ్లు చంటిపిల్లలతో వచ్చి బారులు తీరారు. మున్సిపల్ ఎన్నికల కోడ్ వల్ల ఆ పంపిణీ నవంబరు 18న ఆగిపోయింది. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు? లైన్లో నిలబడ్డవాళ్లు ఒకరినొకరు అడిగిన ఈ ప్రశ్నలకు ఏ తెరమీదా జవాబు కనపడలేదు.

నన్ను కలవరపెట్టేది ఇదే. నగరం గురించి మనకు తెలిసేది తక్కువ. మన గురించి సర్కారుకు తెలిసేది ఏటేటా పెరుగుతోంది. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. నగరాల్లో ఉన్నవాళ్లు బస్సుల మీద కూర్చుని మరీ సొంతూళ్లకు వెళ్లి తమ వివరాలు రాయించుకున్నారు. తర్వాత వివిధ శాఖల సమాచారాన్ని కలిపి చూసే సమగ్ర వేదిక వచ్చింది. రేషన్ కార్డులు లక్షల్లో రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు, కారణం చెప్పింది లేదు. చౌక డిపో దగ్గర మిషన్ మీద వేలు పెట్టినప్పుడు గానీ కార్డు పోయిందని చాలామందికి తెలియలేదు. చివరకు 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, దాదాపు 19 లక్షల కార్డుల విషయంలో క్షేత్రస్థాయికి వెళ్లి మళ్లీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. కంప్యూటర్ ఒక పేరు కొట్టేసిందంటే, దేన్ని చూసి కొట్టేసిందో ఆ మనిషికి చెప్పడం దయ కాదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఆ బాధ్యతను 2005 నుంచీ అధికారుల మీద పెట్టింది. నిర్ణయం ఎవరిమీద పడుతుందో వాళ్లకు కారణం చెప్పాలని అందులో స్పష్టంగా ఉంది.

ఇక దాచాల్సినదాన్ని ఎంత భద్రంగా దాచారంటే, 2024 జనవరిలో ప్రజాపాలన దరఖాస్తులు బాలానగర్ ఫ్లైఓవర్ మీద రోడ్డున పడ్డాయి. ఆరు గ్యారంటీల కోసం, ఇతర అవసరాల కోసం రాష్ట్రమంతటా వచ్చినవి కోటీ పాతిక లక్షలకు పైనే. కొన్నింటిని బండి మీద తరలిస్తుంటే జారిపోయాయి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు దారినపోయే వాళ్ల కాళ్ల కింద! మనుషుల సొంత వివరాలను కాపాడటం, సర్కారు పనుల వివరాలను బయటపెట్టడం ఒకే బాధ్యతలో రెండు భాగాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని ఇరుకు చేసింది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారం అనగానే నిరాకరించే వీలిచ్చింది. ఇది తప్పు అడుగని నా నమ్మకం.

చెరువుల దగ్గరికి వద్దాం. అసలు నొప్పి అక్కడుంది. పటాన్‌చెరు పక్కన అమీన్‌పూర్ చెరువు ఉంది. కొంగలు, నల్లకోళ్లు, శీతాకాలంలో వలస పక్షులు వచ్చే నీళ్లు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర ప్రాంతపు చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. ఆ మండలంలోనే, కిష్టారెడ్డిపేట వైపు, 2024 సెప్టెంబరు 22న, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ యంత్రాలు భవనాలు కూల్చాయి. అదే రోజు కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గరా కూల్చివేతలు. ఆ నెలల్లో నగరమంతా ఒకే మాట: మా ప్లాటు ఎఫ్‌టీఎల్‌లో ఉందా?

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత. దాని చుట్టూ, పది హెక్టార్లకు మించిన చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. చెరువును మింగినవాళ్ల మీద నాకు ఏ సానుభూతీ లేదు. 788 చెరువుల లెక్క తెలిసిన ఊళ్లో నాలా మూసి గోడ కట్టడం నేరమే. కానీ జీవితకాలపు కష్టం పోసి రెండు పడకగదుల ఫ్లాటు కొనే గుమస్తాకు ఆ గీత ఎక్కడుందో ముందే చూపించాల్సిన పని ఎవరిది? అతను ఈసీ తీయించాడు. 1983 నుంచి లావాదేవీలన్నీ ఆన్‌లైన్‌లో చూసుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు సంతకం పెట్టింది, బ్యాంకు లోనిచ్చింది, నల్లా కనెక్షన్ వచ్చింది. అన్ని ఆఫీసులూ అవునన్న స్థలం శికం భూమి, అంటే చెరువు గర్భం అని ఒక ఉదయం పొక్లెయిన్ వచ్చి చెబితే, ఆ పటం అన్నాళ్లూ ఏ అల్మారాలో ఉన్నట్టు?

హెచ్‌ఎండీఏకు చెరువుల కోసం ప్రత్యేకంగా వెబ్‌సైట్ ఉంది. మండలం, ఊరు ఎంచుకుంటే చెరువు పటం వస్తుంది. మంచి పని, మెచ్చుకోవాలి. కానీ చాలా చెరువులు ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఏళ్లకేళ్లు ఉండిపోయాయి. తుది నోటిఫికేషన్ల కోసం హైకోర్టు గడువులు పెట్టాల్సి వచ్చింది. వచ్చిన పటమైనా సర్వే నంబర్ల మధ్య గీసిన బొమ్మ. సామాన్యుడు తన ఫోన్లో, తాను నిలబడ్డ చోటు మీద పెట్టి చూసుకోవడానికి వీలుగా ఉండదు. వానను పేట పేటకూ అంకెల్లో ఇవ్వగలిగిన ప్రభుత్వం చెరువు గీతను కూడా అలాగే ఇవ్వగలదు. తెలంగాణకు 2016 నుంచే ఓపెన్ డేటా విధానం ఉంది, పోర్టల్ ఉంది. లేనిది సాంకేతికత కాదు. గీత ఖరారైతే ఎవరి భూమి ధర పడిపోతుందో తెలిసినవాళ్లకు అది ఖరారు కావడం ఇష్టం ఉండదు. ఆలస్యానికి ఇంతకన్నా పెద్ద కారణం నేను నమ్మను.

అందుకని ప్రభుత్వాన్ని అడగాల్సింది సూటిగా ఉంది. ప్రతి చెరువు తుది ఎఫ్‌టీఎల్, బఫర్ గీతలను ఫోన్లో తెరుచుకునే పటంగా తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. రిజిస్ట్రేషన్ సమయంలో ఆ గీతలోపల ఉన్న సర్వే నంబరు కనపడగానే కంప్యూటరే ఆపాలి. రేషన్ కార్డో, పింఛనో కొట్టేస్తే కారణాన్ని అదే రోజు ఆ మనిషికి పంపాలి. ఇక మీరు ఈ దసరాకు ఫ్లాటుకు బయానా ఇవ్వబోతుంటే, బ్రోచర్ పక్కన పెట్టి ముందు ఆ ఊరి చెరువు పటం, పర్మిషన్ కాగితం, రెరా నంబరు మూడూ చూడండి. తుది నోటిఫికేషన్ కనపడకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాల్సిన బాధ్యత ఆఫీసుది. ఆ జవాబు వచ్చేదాకా బయానా ఇవ్వకండి.