కొండమెట్లు – మోకాళ్ళు – పిక్కలు
(తల్లిదండ్రులకు కొన్ని మాటలు)

కొండ యెక్కి దైవదర్శనము చేయుట మన కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. తమిళదేశమున స్థిరపడి ఎన్ని తరములు గడచినను, పుట్టువెండ్రుకల మొక్కుకో, పరీక్ష గట్టెక్కిన మొక్కుకో తిరుమలకు కాలినడకను పోవువారు మనలో చాలమంది కలరు. అంతదూరము పోలేనివారికి తిరుత్తణిలో 365 మెట్లున్నవి. షోళింగపురమున యోగనరసింహస్వామి కొండకు 1300 పైచిలుకు మెట్లున్నవి. పాఠశాల విహారయాత్రలలో గూడ పిల్లలు కొండలెక్కుచునే యుందురు.

ఇట్టి ప్రయాణములలో “అమ్మా, కాలు నొప్పి” అని పిల్లవాడు అనగానే సాధారణముగా రెండు విధములైన సమాధానములు వినబడును. “ఈ మాత్రమునకేనా? నీ వయస్సున మీ తాతగారు పరుగెత్తి యెక్కినారు” అని మందలించుట మొదటిది. బెంబేలుపడి బిడ్డను భుజమున కెత్తుకొనుట రెండవది. “ఎక్కడ నొప్పి? ఎప్పుడు మొదలైనది? ఎక్కునపుడా, దిగునపుడా?” అని అడుగుట మూడవది. ఇది అరుదుగా వినబడును గాని, మేలు చేయునది ఇదియే. నొప్పి యొక్క తావును, వేళను తెలిసికొన్నచో అది అలసటయో, వ్యాధియో చాలవరకు తేలిపోవును.

మోకాలి పని

తొడయెముక, దాని క్రిందనున్న కాలియెముక, ముందు వైపున మోకాలిచిప్ప – ఈ మూడును కలిసిన కీలే మోకాలు. ఎముకల కొనలపై నున్నని మృదులాస్థి పొర యుండును. దానికి రక్తనాళములు లేవు. కావుననే అది అరిగినచో తిరిగి పూడుట కష్టము. కీలు ఇటునటు తొలగకుండ నారలవంటి బంధములు పట్టియుంచును. ఐతే బరువులో అధికభాగమును మోయునది తొడముందరి కండరము. ఆ కండరము బలముగా నున్నంతకాలము కీలుకు రక్ష కలదు. అది అలసినపుడు అదురు నేరుగా ఎముకల కొనలకు తగులును.

సమతలముపై నడచునపుడు మోకాలిపై పడు ఒత్తిడి దేహభారమునకు సుమారు రెండున్నర రెట్లుండును. మెట్లెక్కునపుడు మూడు రెట్లు దాటును. దిగునపుడు సుమారు మూడున్నర రెట్లగును. అరువది కిలోల బరువుగల మనిషి మోకాలు చదునైన నేలపై 150 కిలోల ఒత్తిడిని, మెట్లు దిగునపుడు 210 కిలోల ఒత్తిడిని భరించుచున్నదన్నమాట. చేతిసంచిలో మనము వేసికొను ప్రతి కిలోయు ఆ లెక్కలోనికే చేరును.

ఎక్కుట కష్టము, దిగుట సులభమని మనము తలచుట ఊపిరిని బట్టి. ఎక్కునపుడు ఆయాసము వచ్చును గనుక మనము ఆగుదుము. దిగునపుడు ఆయాసముండదు గనుక త్వరపడుదుము. నిండుకడవను బావిలోనికి మెల్లగా దించునపుడు తాడు జారిపోకుండ చేయి ఎట్లు బిగించి పట్టునో, దిగునపుడు తొడకండరము అట్లు సాగుచునే బిగిసి బరువును ఆపవలెను. కండరమునకు ఇంతకంటె కఠినమైన పని లేదు. దిగివచ్చిన మరునాడును, మూడవనాడును తొడలు, పిక్కలు నొప్పిపుట్టి, కూర్చుండి లేచుట కష్టమగుటకు కారణ మిదియే. అలవాటులేని పనిచే కండరములందు కలిగిన ఈ బాధ కొలది దినములలో తనంత తానే తగ్గిపోవును. దానికి భయపడ నవసరము లేదు.

పిల్లల మోకాళ్ళు

పదియేండ్లకును పదునైదేండ్లకును నడుమ ఎముకలు వేగముగా పెరుగును. ఆ వయస్సున మోకాలిచిప్పకు దిగువ, కాలియెముక ముందు వైపున చిన్న బొడిపె తేలి, తాకిన నొప్పిపుట్టుట కొందరు పిల్లలకు కలుగును. ఆటలాడు పిల్లలయందు ఇది ఎక్కువ. తొడకండరపు నార ఆ చోట అతుకుకొని యుండి, ఎదుగుచున్న ఎముకను పదేపదే లాగుటచే ఇది వచ్చును. పిల్లవాడు సోమరితనముచే చెప్పుచున్నాడని అనుకొనరాదు. ఎదుగుదల పూర్తియైన పిమ్మట ఇది సామాన్యముగా మానిపోవును. అంతదాక దూకుట, పరుగు, మెట్లు తగ్గింపవలెను.

చిన్నపిల్లలు రాత్రివేళ రెండుకాళ్ళును నొప్పియని ఏడ్చి, తెల్లవారగానే ఏమియు లేనట్లు ఆడుకొనుచుందురు. నొప్పి కీళ్ళయందు గాక పిక్కలలోను తొడలలోను ఉండి, ఉదయమున కుంటనిచో మెల్లగా పిసికి, వెచ్చని గుడ్డ వేసిన చాలును.

ఒక విషయము మాత్రము తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకొనవలెను. పిల్లలకు తుంటికీలులో పుట్టిన వ్యాధి మోకాలి నొప్పిగా బయటపడుట కలదు. మోకాలికి వాపు లేదు, దెబ్బ తగులలేదు, ఐనను బిడ్డ కుంటుచున్నాడన్నచో తుంటిని గూడ పరీక్షింపుమని వైద్యుని కోరవలెను. ఇందు ఆలస్యము జరిగినచో తుంటి శాశ్వతముగా దెబ్బతినవచ్చును.

పిక్క పట్టుట, పాదము కొంకర్లు పోవుట

నడచుచు నడచుచు ఉన్నట్టుండి పిక్క రాయివలె బిగిసిపోవును. లేదా అరికాలు ముడుచుకొని వ్రేళ్ళు ఒకదానిపై నొకటి ఎక్కును. ఉప్పు చాలకనే, నీరు చాలకనే ఇది వచ్చునని చాలకాలముగా చెప్పుచు వచ్చిరి. కాని దీర్ఘదూరము పరుగెత్తువారిని పరీక్షింపగా, కండరము పట్టినవారికిని పట్టనివారికిని రక్తములోని లవణములయందు చెప్పుకోదగిన తేడా కానరాలేదు. అలవాటుకు మించిన పనిచే కండరము అలసి, దానిని నడిపించు నరము అదుపుతప్పుట ముఖ్య కారణమని పలువురు నేడు తలంచుచున్నారు. ఎండలో చెమటకారి నీరు తగ్గుట దానికి తోడగుట కలదు. బిగుతైన చెప్పులు, కొత్తబూట్లు పాదమును ఒత్తుటయు ఒక కారణమే.

ఉపాయము సులభము. బిగిసిన కండరమును మెల్లగా సాగదీయవలెను. పిక్క పట్టినచో కూర్చుండి, కాలు చాచి, వ్రేళ్ళను చేతితో పట్టి మోకాలి వైపునకు లాగవలెను. నిలుచుండగల్గినచో గోడకో స్తంభమునకో చేతులానించి, మడమ నేలనుంచి, మోకాలు వంచక ముందుకు వాలవలెను. అరికాలు పట్టినచో వ్రేళ్ళను వెనుకకు వంచి పట్టుకొని బొటనవ్రేలితో అరికాలిని రుద్దవలెను. కుదిపి లాగుట, తన్నుట కూడదు. కొలది నిమిషములలో సడలిపోవును. పిమ్మట వెంటనే పరుగుతీయక కొంచెముసేపు కూర్చుండి, నెమ్మదిగా నడక సాగింపవలెను.

ముందు చేయవలసినది

ఒక్కనాటి నడకకు ఒక్కనాటి సన్నాహము చాలదు. కండరము బలపడుటకు ఆరువారములైనను పట్టును. ఇంటియందే చేయదగిన నాలుగు పనులు చెప్పెదము. కుర్చీమీదనుండి చేతులూతలేక పదిమార్లు లేచి కూర్చుండుట ఒకటి. ఇంటిమెట్టు నొకదానిని ఎక్కి, మెల్లగా దిగుట రెండవది. మెట్టు అంచున వ్రేళ్ళపై నిలిచి మడమలను లేపి, దించుట మూడవది. గోడకు చేతులానించి పిక్కలను అరనిమిషము సాగదీయుట నాలుగవది. మొదట దినము విడిచి దినము చేసి, క్రమముగా హెచ్చింపవలెను. వారమున కొకటి రెండుమార్లు కుటుంబమంతయు కలిసి ఒకగంట నడచిన ఇంకను మేలు.

మన పెద్దలెరిగిన గుంజీలు తొడలకు మంచి వ్యాయామమే. కాని వాటిని నొప్పియున్న మోకాళ్ళతో పూర్తిగా క్రిందికి కూర్చుండి చేయరాదు. శిక్షగా నూర్లకొలది తీయించుట వ్యాయామము కాదు. దానివలన కండరములు దెబ్బతిన్న సందర్భములు కలవు.

దారిలో

అలిపిరినుండి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్ల దారి, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి సుమారు రెండు కిలోమీటర్లే, మెట్లు 2388. దూరము తక్కువయని రెండవదారిని ఎన్నుకొనువారు, అది అంత నిటారు అని గమనింపవలెను. అలిపిరి దారిలో గాలిగోపురము వరకు ఎక్కుడు కష్టము, పిదప కొంతదూరము నడక సులభము, చివర మోకాళ్ళపర్వతము. ఆ పేరే దాని స్వభావమును తెలుపుచున్నది. కావున బలమునంతను మొదటనే ఖర్చుచేయక చివరకు కొంత నిలువ యుంచుకొనవలెను.

తెల్లవారుజామున బయలుదేరిన ఎండ తప్పును. కుటుంబమున అందరికంటె నెమ్మదిగా నడచువాని నడకయే అందరి నడకయు కావలెను. అలసిన బిడ్డను వెనుకవిడిచి గాని, చురుకైన బిడ్డను ముందు విడిచి గాని పోరాదు. 2023 ఆగస్టులో ఈ దారియందే చిరుతపులి వాతబడి ఒక పసిబాలిక మరణించినది. పిల్లలను ఏ వేళలవరకు అనుమతింతురో ముందుగా విచారించుకొనుట అవసరము.

ఎక్కునపుడు పాదమంతయు మెట్టుపై ఆనించి, మోకాలు బొటనవ్రేలి వైపునకు ఒరుగక తిన్నగా నుండునట్లు చూచుకొనవలెను. దిగునపుడు చిన్న అడుగులు వేయవలెను. రెండేసి మెట్లు దూకుట కూడదు. ప్రక్కనున్న పిట్టగోడనో, చేతికర్రనో ఊతగా కొన్నచో మోకాలి బరువు కొంత తగ్గును. ఒక మోకాలు నొచ్చుచున్నచో ఎక్కునపుడు బాగున్న కాలు ముందు, దిగునపుడు నొచ్చుచున్న కాలు ముందు పెట్టవలెను. పెద్దవారు కాలినడకన ఎక్కి, దిగుటకు బస్సు నాశ్రయించుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. మోకాళ్ళను కాపాడుకొనుటకు అదియే తెలివైన మార్గము.

దాహమైనపుడు నీరు త్రాగవలెను. ఒక్కసారిగా లీటర్లకొలది త్రాగుట మంచిది కాదు. రక్తములోని ఉప్పు పలుచనై ప్రమాదము వచ్చుట కలదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, ఉప్పు చక్కెర కలిపిన నిమ్మరసము మనకు తెలిసిన మంచి పానీయములు. రక్తపుపోటు గలవారు ఉప్పు విషయమున వైద్యుని మాట వినవలెను. అరటిపండు ఆకలి తీర్చును గాని, పట్టిన పిక్కను తక్షణము విడిపింపదు.

పాదరక్షలు లేక నడచు మొక్కు గలవారు, అందును మధుమేహము గలవారు, మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. మధుమేహమున పాదములకు స్పర్శ తగ్గును. కాలిన రాయి, గుచ్చుకొన్న ముల్లు తెలియకయే పుండగును. అట్టివారు వైద్యుని అడిగి గాని వట్టికాళ్ళతో నడువరాదు. నడక ముగిసిన పిమ్మట అరికాళ్ళు స్వయముగా చూచుకొనవలెను, లేదా ఇంటివారిచే చూపించుకొనవలెను.

ఆగవలసిన వేళ

మోకాలు వాచినను, వంగక చాపక చిక్కుకొనినను, బరువు వేయగానే జారిపోవునట్లున్నను నడక ఆపవలెను. ఒక్క పిక్కయే వాచి, వెచ్చనై, ఎర్రబారి నొప్పిపుట్టినచో అది వట్టి పట్టు కాకపోవచ్చును. రక్తము గడ్డకట్టి యుండవచ్చును గనుక దానిని పిసుకక వెంటనే వైద్యునికడకు పోవలెను. నొప్పితో జ్వరమున్నను, నిదురలోనుండి లేపునంత నొప్పి ఒక్క కాలికే పదేపదే వచ్చినను, పిల్లవాడు మరునాడును కుంటుచున్నను వైద్యునికి చూపవలెను. ఎక్కునపుడు ఛాతీలో నొప్పియో బరువో తోచినచో అది మోకాళ్ళ సంగతి కాదు. వెంటనే కూర్చుండి సహాయము పిలువవలెను.

బెణికిన మోకాలికి విశ్రాంతి యిచ్చి, మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదునైదు నిమిషములు పెట్టి, కాలు ఎత్తులో నుంచవలెను. నొప్పి మాత్రలు మ్రింగి నడక సాగించుట కూడదు. నొప్పి తెలియక దెబ్బ హెచ్చును. చెమటకారి నీరు తగ్గిన దేహమున కొన్ని మాత్రలు మూత్రపిండములకు హానిచేయును. పిల్లలకు వైద్యుని ఆజ్ఞ లేక ఆస్పిరిన్ ఇయ్యనే కూడదు.

సగముదారిలో ఆగినంతమాత్రమున మొక్కు చెడదు. దేవుడు లెక్కించునది మెట్లు కాదని మన పెద్దలే చెప్పుదురు. నొప్పియన్న బిడ్డను నమ్మి, ఎక్కడనో ఎప్పుడో అడిగి, కొంచెముసేపు కూర్చుండనిచ్చిన తల్లిదండ్రులు ఆ బిడ్డకు మరొక సంగతి గూడ నేర్పినవారగుదురు: దేహము చెప్పుమాట వినవలెనని. అట్లు నేర్చిన బిడ్డ తన బాధను దాచుకొనడు. రేపు మన మోకాళ్ళు నొచ్చునాడు మన మాటను గూడ నమ్మును.