ముడి తేనె: ఇంటి వైద్యంలో ఎంతవరకు?

జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట వైపు ఊళ్లలో తేనె సీసాలోనే రావాలని లేదు. కొండపల్లి అడవి అంచునో, ఊరి మర్రిచెట్టు కొమ్మకో పట్టిన పట్టును పిండి, బకెట్లో పోసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేవారిని మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలోనూ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోనూ ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో ఇప్పటికీ చాలామంది 'అసలు తేనె' అని నమ్మేది దానినే. పట్టు నుంచి తీసి, వేడి చేయకుండా, గుడ్డలో వడగట్టిన తేనెను ముడి తేనె అంటాం. దీని గుణాలకు ఆధారం ఏమిటి, ఇంట్లో దేనికి పనికివస్తుంది, ఎవరికి పెట్టకూడదు అనేవి ఈ భాగంలో తెలుసుకుందాం. మూడో ప్రశ్న ప్రాణానికి సంబంధించినది కాబట్టి దానిని కాస్త వివరంగా చర్చించాం.

1. తేనె ఎందుకు చెడిపోదు?

పూల మకరందంలో నీరే ఎక్కువ. తేనెటీగలు దానిని తమ ఎంజైములతో కలిపి, పట్టు గదుల్లో నింపి, రెక్కలతో విసరి ఆరబెడతాయి. నీరు 20 శాతం కంటే తగ్గాక గదికి మైనంతో మూత వేస్తాయి. అలా పండిన తేనెలో సుమారు 38 శాతం ఫ్రక్టోజ్, 31 శాతం గ్లూకోజ్, 17 శాతం నీరు ఉంటాయి. ఇంత చిక్కని చక్కెరలో సూక్ష్మజీవులు పెరగలేవు, తమలోని నీటిని కోల్పోయి చచ్చిపోతాయి. దీనికి తోడు తేనెకు ఆమ్లగుణం ఉంది. పైగా గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, తేనె కొద్దిగా పలచబడినప్పుడు, హైడ్రోజన్ పెరాక్సైడును తయారుచేస్తుంది. తేనెను పుండ్లకు రాసే పాత అలవాటుకు శాస్త్రీయమైన ఆధారం ఇదే. ఎక్కువ వేడి చేస్తే ఈ ఎంజైము దెబ్బతింటుంది. ముడి తేనెకు ఉన్న ప్రత్యేకతలో ముఖ్యమైన భాగం ఇది.

విటమిన్లు, ఖనిజాలు కూడా ఉన్నాయంటారు. ఉన్నాయి, కాని చెంచాడు తేనెలో అవి లెక్కకు రానంత తక్కువ. వాటి కోసం తేనె తాగనక్కరలేదు, గుప్పెడు తోటకూర నయం.

2. పనికివచ్చే చోట్లు

తేనెకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది దగ్గు విషయంలో. 2007లో అమెరికాలో 105 మంది పిల్లలపై జరిగిన ఒక అధ్యయనంలో, పడుకునే ముందు తేనె తీసుకున్నవారికి ఏ మందూ తీసుకోనివారికన్నా రాత్రి దగ్గు బాగా తగ్గింది. దగ్గు మందు తీసుకున్నవారితో పోల్చినా తేనె తీసిపోలేదు. బ్రిటన్‌లో 2018 నుంచి ఆరోగ్య మార్గదర్శకాలు మామూలు దగ్గుకు ముందుగా తేనెను సూచిస్తున్నాయి. ఆ అధ్యయనంలో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు అర చెంచా, ఆరు నుంచి పదకొండేళ్ల వారికి ఒక చెంచా, అంతకు పైబడినవారికి రెండు చెంచాలు ఇచ్చారు. మన ఇళ్లలో శొంఠిపొడి, మిరియాల పొడి, తులసి రసం వంటివి తేనెలో రంగరించి ఇవ్వడం మీకు తెలిసిందే. వాటిలో గొంతుకు హాయినిచ్చే పని చాలావరకు తేనెదే. రెండు మూడు వారాలు దాటిన దగ్గుకు, ఆయాసం, జ్వరం ఉన్న దగ్గుకు తేనె మందు కాదు, వైద్యుణ్ణి చూడాలి.

పుండ్ల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోండి. ఆసుపత్రుల్లో వాడే తేనె గామా కిరణాలతో శుద్ధి చేసినది. వంటింటి సీసాలోని తేనె అలాంటిది కాదు. చిన్న గీతకు, పగిలిన పెదవికి రాసుకోవచ్చు. లోతైన గాయానికి, మధుమేహం ఉన్నవారి కాలి పుండుకు రాయవద్దు. కాలిన చోట ముందు చేయవలసింది 20 నిమిషాలపాటు చల్లని కుళాయి నీటి కింద పెట్టడం, తేనె పూయడం కాదు.

పరగడుపున గోరువెచ్చని నీటిలో నిమ్మరసం, తేనె కలిపి తాగితే బరువు తగ్గుతారన్నదానికి ఆధారం లేదు. పెద్ద చెంచాడు తేనెలో సుమారు 64 కేలరీలు ఉంటాయి. చక్కెర మానేశామని తేనె వేసుకునే మధుమేహ రోగులు మోసపోయేదీ ఇక్కడే. శరీరానికి రెండూ చక్కెరలే.

3. ఏడాది లోపు పిల్లలకు వద్దు

మన ప్రాంతంలో పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం, మాటలు బాగా వస్తాయని వసకొమ్మును తేనెలో అరగదీసి నాకించడం, పాలపీకకు తేనె అద్దడం ఇంకా కనిపిస్తాయి. ప్రేమతో చేసేదే అయినా ఈ అలవాటు మానుకోవలసినది.

మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియా సిద్ధబీజాలు తేనెలోకి చేరవచ్చు. అవి తేనెలో పెరగవు, కాని చావవు కూడా. పెద్దల పేగుల్లో ఇప్పటికే స్థిరపడిన మేలు చేసే సూక్ష్మజీవులు వాటిని మొలకెత్తనివ్వవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో ఆ రక్షణ ఇంకా ఏర్పడదు. అక్కడ అవి మొలకెత్తి విషాన్ని విడుదల చేస్తే నరాలకూ కండరాలకూ మధ్య సంబంధం తెగుతుంది. 1976లో కాలిఫోర్నియాలో దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు. శిశు బొట్యులిజం అని పేరు.

లక్షణాలు నెమ్మదిగా వస్తాయి. ముందు మలబద్ధకం. తర్వాత పాలు చప్పరించే బలం తగ్గుతుంది, ఏడుపు సన్నబడుతుంది, కనురెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు. చివరికి ఊపిరి తీసే కండరాలూ పనిచేయవు. ఇందులో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, తేనె పెట్టిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. బిడ్డ ఏడుపు మారిందని ముందు గమనించేది సాధారణంగా తల్లే, ఆమె మాట కొట్టిపారేయకూడదు.

తేనెను కాచి పెడితే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఇంటి పొయ్యి మీది వేడికి ఈ సిద్ధబీజాలు చావవు. ముడి తేనె, కంపెనీ తేనె అనే తేడా కూడా ఇక్కడ లేదు. పాలిచ్చే తల్లి తేనె తినవచ్చు, పాల ద్వారా ఇది బిడ్డకు చేరదు.

4. కొనడం, దాచడం

నీటి గ్లాసులో వేస్తే అడుక్కు దిగాలి, వత్తి ముంచి వెలిగిస్తే మండాలి అనే పరీక్షలు ప్రచారంలో ఉన్నాయి. చిక్కని బెల్లం పాకం కూడా అడుక్కు దిగుతుంది. బకెట్లో తేలే పట్టు ముక్క కూడా సాక్ష్యం కాదు, పాకంలో వేసినా అది తేలుతుంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే, అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి మూడే అని ప్రకటించింది. కొన్ని కంపెనీలు ఈ ఫలితాలను ఒప్పుకోలేదు. ప్రయోగశాలలకే ఇంత కష్టమైన పని గ్లాసు నీళ్లతో తేలదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారో తెలిసిన తేనె కొనడం మేలు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ గిరిజనుల దగ్గర కొన్న తేనెను అమ్ముతోంది.

పేరుకున్న తేనెను కల్తీ అని పారేయకండి. గ్లూకోజ్ ఎక్కువున్న తేనె గడ్డకట్టడం సహజం. సీసాను గోరువెచ్చని నీటిలో నిలబెడితే కరుగుతుంది. నురగ వచ్చి, పుల్లని వాసన వేసి, మూత తీయగానే బుస్సుమంటే అది వేరే సంగతి. మూతవేయని గదుల నుంచి, తడి రోజుల్లో తీసిన తేనెలో నీరు ఎక్కువై పులిసిందన్నమాట. అది వాడవద్దు. మంచి తేనెనైనా గాజు సీసాలో, తడిలేని చెంచాతో, పొయ్యికి దూరంగా ఉంచండి. మన వేసవి ఎండకు కిటికీ దగ్గర పెట్టిన సీసా నెలల్లోనే నల్లబడి రుచి మారుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక ఇంట్లో ఏడు నెలల బిడ్డ, నాలుగేళ్ల అన్న, మధుమేహం ఉన్న తాతయ్య ముగ్గురూ దగ్గుతున్నారు. అమ్మమ్మ తేనె సీసా తీసింది. ఒక్కొక్కరి విషయంలో మీరేమి చెబుతారో, ఎందుకో, ఐదారు వాక్యాల్లో రాయండి.