గుడ్డలా కనిపించినా ప్లాస్టిక్కే!
పడుగు లేదు.. పేక లేదు.. నాన్‌ ఓవెన్‌ సంచి అసలు కథ ఇదీ

సిరిసిల్ల: వస్త్ర దుకాణాల్లో, మందుల షాపుల్లో ఇచ్చే రంగురంగుల సంచులను చాలామంది గుడ్డ సంచులుగానే భావిస్తున్నారు. ప్లాస్టిక్ కవరును వదిలి పర్యావరణానికి మేలు చేస్తున్నామని సంతృప్తి పడుతున్నారు. అయితే మగ్గం తెలిసిన నేత కార్మికుని చేతికి అదే సంచిని ఇస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. అందులో పడుగూ లేదు, పేకా లేదు. అంచు నుంచి లాగితే ఊడివచ్చే నూలు పోగు ఒక్కటీ కనిపించదు. దీనినే నాన్‌ ఓవెన్‌, అంటే నేయని వస్త్రం అంటారు.

నూలు లేకుండానే..

సాధారణంగా దూదిని వడికితే నూలవుతుంది. నూలును మగ్గంపై నేస్తే బట్టవుతుంది. నాన్‌ ఓవెన్‌లో ఈ రెండు దశలూ ఉండవు. పీచును నేరుగా పలుచని పొరగా పరచి, అది విడిపోకుండా బిగిస్తారు. ఈ పద్ధతి పూర్తిగా కొత్తదేమీ కాదు. గొర్రె ఉన్నిని తడిపి, ఒత్తి తయారుచేసే కాశ్మీరు నమ్దా ఈ కోవలోనిదే. తెలంగాణ గొంగడి మాత్రం మగ్గంపై నేసినదే.

తయారీ ఇలా..

సంచుల తయారీలో ముడిసరుకు పాలీప్రొపిలీన్‌ అనే ప్లాస్టిక్ గుళికలు. సుమారు 165 డిగ్రీల సెల్సియస్‌ వద్ద కరిగే ఈ గుళికలను అంతకు మించిన వేడిలో కరిగించి, సన్నని రంధ్రాల గుండా దారాలుగా బయటకు పంపుతారు. గాలి వేగంతో వాటిని సాగదీసి, కదిలే పట్టాపై పొరగా పరుస్తారు. ఆ పొరను వేడి రోలర్ల మధ్య నొక్కగానే దారాలు అక్కడక్కడా కరిగి అతుక్కుంటాయి. సంచిపై వరుసగా కనిపించే చిన్న చిన్న చుక్కలు ఆ అతుకులే. దీనిని స్పన్‌బాండ్‌ విధానమంటారు.

కరిగిన ప్లాస్టిక్‌ను అతి వేగంగా వీచే వేడి గాలితో మరింత సన్నని పీచుగా మార్చడం మెల్ట్‌బ్లోన్‌ విధానం. 2020లో కరోనా వేళ మాస్కులకు గిరాకీ పెరిగినప్పుడు ఈ పొర విలువ ప్రపంచానికి తెలిసివచ్చింది. మాస్కులో మధ్య పొర ఇదే. ఇక దూది ఏకినట్లు ఏకిన పీచును ముళ్ల సూదులతో పదేపదే గుచ్చి పెనవేస్తే రోడ్ల కింద పరిచే దళసరి వస్త్రం తయారవుతుంది. బలమైన నీటి ధారలతో పెనవేస్తే తడి తుడుపు గుడ్డలు వస్తాయి. వీటిలో విస్కోస్‌, పత్తి పీచులనూ వాడుతుంటారు. కనుక నాన్‌ ఓవెన్లన్నీ ప్లాస్టిక్ కావు.

చవక ఎందుకంటే..

మరమగ్గం గంటకు కొన్ని మీటర్లు నేస్తే, స్పన్‌బాండ్‌ యంత్రం నిమిషానికి వందల మీటర్లు తయారుచేయగలదు. నూలు వడికే ఖర్చు, నేత కూలీ ఉండవు. అందుకే ఒకసారి వాడి పారవేయాల్సిన ఆస్పత్రి గౌన్లకు, డైపర్లకు ఇది అనువైనది. సంచుల విషయానికి వస్తే అదే చవక ముప్పు తెస్తోంది. పత్తి గుడ్డ మట్టిలో కుళ్లిపోతుంది. పాలీప్రొపిలీన్‌ సంచి ఎండకు పెళుసుబారి ముక్కలుగా రాలుతుందే తప్ప మట్టిలో కలవదు.

నిబంధన ఏమిటి?

కేంద్ర ప్రభుత్వం 2021లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, ఆ ఏడాది సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే తక్కువ బరువుండే నాన్‌ ఓవెన్‌ ప్లాస్టిక్ సంచులపై నిషేధం అమలులోకి వచ్చింది. అంటే చట్టం దృష్టిలోనూ ఇది ప్లాస్టిక్ సంచే.

గుర్తించడం సులువే..

సంచి అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి పోగు లాగి చూడాలి. పోగు వరుసగా ఊడివస్తే నేసిన బట్ట, పీచులా చిరిగితే నాన్‌ ఓవెన్‌. పెద్దలు ఆ ముక్కను పట్టకారుతో పట్టుకుని మంటకు చూపితే పత్తి అయితే కాగితంలా కాలి బూడిద మిగులుతుంది. ప్లాస్టిక్ అయితే ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి పూసలా మారుతుంది. ఇప్పటికే ఇంట్లో ఉన్న నాన్‌ ఓవెన్‌ సంచులను పారవేయకుండా చిరిగేవరకు తిరిగి తిరిగి వాడుకోవాలి. కొత్తది కావాలంటే పాత చీర, పంచెతో కుట్టించుకున్న సంచే మేలు.