తల్లి రూపంలో జాతి: స్త్రీవాద విమర్శ చూపు

స్త్రీవాద సాహిత్య విమర్శ రచనల్లోని స్త్రీ పాత్రలను చూడడంతో ఆగదు. ఏ స్త్రీ రాతను సాహిత్యంగా గుర్తించారు, దేన్ని పక్కన పెట్టారు, ఆ నిర్ణయంలో జాతి గౌరవమనే భావన ఎంత పనిచేసింది అని కూడా అడుగుతుంది.

తెలుగులో ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ ముద్దుపళని. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఆమె ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసింది. సంస్కర్త కందుకూరి వీరేశలింగం దాన్ని తప్పుపట్టారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని అచ్చువేయించి, మగకవుల శృంగారానికి లేని అభ్యంతరం దీనికెందుకని పీఠికలో నిలదీసింది. మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. హైదరాబాద్‌కు చెందిన సూసీ థారు, కె. లలిత భారతీయ స్త్రీల రచనల సంకలనంలో (1991, 1993) ఈ ఉదంతాన్ని విశ్లేషించారు. వలస పాలనలో శీలవతి అయిన గృహిణి జాతి గౌరవానికి గుర్తుగా మారింది. ఆ చట్రంలో దేవదాసీ సంప్రదాయానికి చెందిన ముద్దుపళనికి చోటు దక్కలేదు.

తెలంగాణలో ఈ చర్చ చరిత్ర రచన వైపు మళ్లింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించింది. పోరాడినవాళ్లే ఉద్యమం ముగిశాక మళ్లీ ఇంటికి పరిమితం కావలసిరావడం అందులో స్పష్టమవుతుంది.

జాతిని తల్లిగా ఊహించినట్టే, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ప్రాంతాన్ని కూడా తల్లిగానే ఊహించింది. ఉద్యమకాలపు తెలంగాణ తల్లికి చేతిలో బతుకమ్మ, కాళ్లకు కరీంనగర్ వెండి మెట్టెలు. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో ఆవిష్కరించిన విగ్రహంలో బతుకమ్మ లేకపోవడం వివాదమైంది. ఆ తల్లి రూపం ఎలా ఉండాలన్న వాదం జోరుగా సాగినా, స్త్రీవాద విమర్శకు అంతకన్నా ముఖ్యమైనవి బతుకమ్మ పాటలే. అత్తింటి బాధలు, పుట్టింటి బెంగ వాటిలో వినిపిస్తాయి. వాటిని కట్టినవాళ్ల పేర్లు మాత్రం సాహిత్య చరిత్రలో కనబడవు.

‘స్త్రీ’ అనే మాట కూడా అందరినీ ఒకేలా కలుపుకోదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనలను విడిగా ముందుకు తెచ్చింది. జగిత్యాల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టే స్త్రీల శ్రమనూ, ఆదిలాబాద్‌లో గోండి, కొలామీ మాట్లాడే స్త్రీల పాటలనూ ఇదే కోణంలో చదవవలసి ఉంటుంది. తెలుగును మాత్రమే కొలతగా తీసుకుంటే ఆ పాటలు తెలంగాణ సాహిత్యం లెక్కలోకే రావు. ప్రాంతపు అస్తిత్వాన్ని కాదనడం ఈ విమర్శ ఉద్దేశం కాదు. ఆ అస్తిత్వాన్ని నిర్వచించే పనిలో ఈ స్త్రీలందరికీ భాగం ఉండాలన్నదే దాని వాదం.