రిసీవర్ కొనేముందు స్పీకర్లు లెక్కపెట్టండి

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిర్చికి మంచి ధర పలికిన ఏడాది ఇంట్లోకి పెద్ద టీవీ వస్తుంది. వెనకే ఏవీ రిసీవర్ కొనాలా అన్న ప్రశ్నా వస్తుంది. నన్నడిగితే చాలా ఇళ్లకు అక్కర్లేదు. సినిమా సౌండ్‌ను ఛానళ్లుగా విడదీసి ఒక్కో స్పీకర్‌కూ పవర్ ఇవ్వడం దాని పని. 5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. ఉన్నవి రెండే అయితే విడదీసి పంపేదెక్కడికి? స్టీరియో యాంప్లిఫయర్ చాలు. సౌండ్‌బార్‌కైతే అదీ లోపలే ఉంటుంది. మరి సెట్‌టాప్ బాక్సూ డిస్క్ ప్లేయరూ ఎక్కడ కలపాలంటారా? అన్నీ టీవీకే పెట్టండి. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ (ఆడియో రిటర్న్ ఛానల్) ఉంటే సౌండ్ బయటికి రావడానికి ఒక్క కేబుల్ చాలు.

డైలాగు తేటగా వినపడాలంటే సెంటర్ స్పీకర్ ఉండాలన్న వాదన మాత్రం కొట్టిపారేసేది కాదు. రెండు స్పీకర్లకూ సమదూరంలో కూర్చున్నవాళ్లకు మాట తెర మధ్యనుంచే వస్తున్నట్టుంటుంది. సంక్రాంతికి అల్లుళ్లూ మనవలూ వచ్చి హాలు నిండితే, పక్కన కూర్చున్నవాళ్లకు అది దగ్గరి స్పీకర్‌వైపు జారిపోతుంది. అలాంటి ఇంటికి రిసీవర్ దండగ కాదు. కానీ టైల్స్ నేల, నున్నటి గోడలున్న శ్లాబు ఇంట్లో ప్రతిధ్వనే మాటల్ని మింగేస్తుంటే ముందు దళసరి కర్టెన్లు కట్టి, తివాచీ పరిచి వినండి. రిసీవర్‌తో వచ్చే మైకు స్పీకర్ల దూరాన్నీ స్థాయినీ సరిచూస్తుంది గానీ, గోడను మెత్తన చేయలేదు. గోడవారగా నిలబెట్టిన దూదిపరుపు ఆ పని కొంత చేస్తుంది. పత్తి పండే ఊళ్లలో దానికి కొదవేముంది!