పెట్టె మారితే లెక్క మారింది!

మీ ఇంట్లో కరెంటు మీటరును ఎప్పుడైనా శ్రద్ధగా గమనించారా? పాతకాలపు మీటర్లలో చిన్న చిన్న చక్రాల మీద అంకెలుండేవి. ఐదు చక్రాలున్న మీటరు 99,999 వరకు లెక్కపెడుతుంది. ఆ తరువాత ఒక్క యూనిట్ కాలితే చాలు, మళ్ళీ 00000 వస్తుంది. మరి అంతవరకు కాలిన కరెంటు లెక్క ఏమైంది? ఏమీ కాలేదు. ఆ మీటరుకు ఆరో చక్రం లేదు, అంతే!

ఈ చిన్న సంగతి గుర్తుంచుకుని, మా బడిలో జరిగింది వినండి.

మా ఏన్కూరు అడవి అంచున ఉన్న ఊరు. మా పిల్లలు తొమ్మిదేళ్ళుగా ఇప్ప, తునికి, మోదుగ చెట్ల పూతను, కాతను ఫోటోలు తీసి, తేదీలతో సహా దాచిపెడుతున్నారు. ఏ ఏడు ఇప్ప ముందు పూసిందో, ఏ ఏడు ఆలస్యమైందో అందులో తెలుస్తుంది. పోయిన ఏటి పువ్వును ఈ ఏడు ఫోటో తీయలేం గదా! అందుకే అది మాకు నిధి. అదంతా 4 టెరాబైట్ల హార్డ్ డిస్క్‌లో, ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉండేది.

ఒకనాడు ఆ పెట్టెకు కరెంటు తీగ గుచ్చే చోటు వదులైపోయింది. డిస్క్ బాగానే ఉంది గనుక దాన్ని ఊడదీసి, కొత్తగా కొన్న పెట్టెలో బిగించాం. కంప్యూటరుకు తగిలించగానే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ‘ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?’

మౌస్ పట్టుకున్న పదో తరగతి కుర్రవాడు, “సార్, నొక్కమంటారా?” అన్నాడు. నా నోట ‘ఊ’ అనే మాట రాబోయి ఆగింది.

ఎందుకు ఆగిందో చెప్పేముందు డిస్క్ లోపల ఏముందో చూద్దాం.

గదులు, వాటి నంబర్లు

హార్డ్ డిస్క్‌ను పొడవాటి గదుల వరుస అనుకోండి. ఒక్కో గదిలో 512 బైట్ల సమాచారం పడుతుంది. ఈ గదిని సెక్టరు అంటారు. ప్రతి గదికీ ఒక నంబరుంటుంది. కంప్యూటరు ‘ఫలానా నంబరు గది తెరువు’ అని అడుగుతుంది.

ఆ నంబరును కంప్యూటరు 0, 1 అనే రెండు అంకెలతోనే వ్రాస్తుంది. 1983లో వచ్చిన ఐ.బి.ఎం. కంప్యూటరులో హార్డ్ డిస్క్ 10 మెగాబైట్లు మాత్రమే. డిస్క్‌ను భాగాలుగా పంచి వ్రాసుకునే పట్టిక కూడ ఆ ఏడే వచ్చింది. అందులో గది నంబరుకు 32 స్థానాలు కేటాయించారు. 2ను 32 సార్లు వేసుకుని గుణించండి: 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వస్తుంది. దాన్ని 512తో గుణిస్తే సుమారు 2.2 టెరాబైట్లు. అప్పటి డిస్క్‌కు అది 2 లక్షల రెట్లకు పైమాటే! ఇక చాలదా అనుకున్నారు.

చాలలేదు. 2010లో 3 టెరాబైట్ల డిస్క్‌లు బజారులోకి వచ్చాయి. కొన్ని పాత పెట్టెల్లో వాటిని బిగిస్తే 746 గిగాబైట్లే కనిపించేవి. మన మీటరు కథే ఇది! లెక్క 2.2 టెరాబైట్ల దగ్గర తిరిగి సున్నాకు వచ్చింది. మిగిలిన భాగమే కనిపించింది.

పెట్టె ఉత్త పెట్టె కాదు

అవును మరి, డిస్క్‌ను కప్పి ఉంచే పెట్టెకు లెక్కతో పనేమిటి? పెట్టెలో ఒక చిన్న చిప్ ఉంటుంది. డిస్క్ మాట్లాడే భాష వేరు, యు.ఎస్.బి. తీగలో నడిచే భాష వేరు. ఈ చిప్ దుబాసీ అన్నమాట. దుబాసీకి 32 స్థానాల లెక్కే వస్తే, డిస్క్ ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు.

దీనికి మందుగా గది నంబరుకు 64 స్థానాలిచ్చే కొత్త పట్టిక వచ్చింది. కాని విండోస్ ఎక్స్‌పీ వంటి పాత కంప్యూటర్లలో చాలావాటికి అది తెలియదు. వాటికోసం కొందరు పెట్టెల తయారీదార్లు ఒక ఉపాయం చేశారు. నంబర్లు పెంచలేకపోతే గదినే పెంచుదామన్నారు! ఎనిమిది గదులను ఒక్కటిగా చూపి, 4,096 బైట్ల పెద్ద గది చేశారు. అప్పుడు పాత 32 స్థానాలతోనే 17 టెరాబైట్ల పైచిలుకు లెక్కకు అందుతుంది.

బారలా? జానలా?

చిక్కు ఇక్కడే వచ్చింది. మూరకు రెండు జానలు, బారకు నాలుగు మూరలు. అంటే బారకు ఎనిమిది జానలు. మీ తాత ‘గట్టు నుంచి 256’ అని ఒక చీటీ వ్రాసి, అక్కడ డబ్బు పాతిపెట్టాడనుకోండి. ఆయన కొలిచింది బారలతో. మీరు జానలతో కొలిచి తవ్వితే ఏం దొరుకుతుంది? మట్టి!

మా పాత పెట్టె బారలతో కొలిచేది, కొత్తది జానలతో కొలుస్తోంది. డిస్క్ మీద 256 అనే అంకె మాత్రమే వ్రాసి ఉంది. కొత్త పెట్టె తప్పుచోట వెదికి, ఏమీ కనబడక, ‘ఇది ఖాళీ, ఫార్మాట్ చేయమంటారా?’ అన్నది. సమాచారం ఉన్నచోటనే క్షేమంగా ఉంది. ‘ఊ’ అని ఉంటే మాత్రం దాని మీదే కొత్త పట్టిక వ్రాసేసేది!

మేము ‘వద్దు’ నొక్కాం. పాత పెట్టెకు ఖమ్మంలో టంకం వేయించి, డిస్క్‌ను మళ్ళీ అందులోనే పెట్టాం. తొమ్మిదేళ్ళ ఇప్పపూలూ తెర మీద ప్రత్యక్షమయ్యాయి! ఆ రోజే రెండు వేర్వేరు డిస్క్‌లకు నకళ్ళు తీశాం.

మీరూ జాగ్రత్త పడండి. పెట్టె కొనేటప్పుడు ఎన్ని టెరాబైట్ల వరకు పనికివస్తుందో అట్ట మీద చదవండి. పెద్ద డిస్క్‌కు 12 వోల్టుల కరెంటు కావాలి, యు.ఎస్.బి. తీగ మామూలుగా 5 వోల్టులే ఇస్తుంది గనుక వేరే అడాప్టరు ఉండాలి. కొన్ని పెట్టెలు సమాచారాన్ని గూఢలిపిలో వ్రాస్తాయి. దాన్ని వేరే పెట్టె చదవలేదు. కాబట్టి నకలు తీయకుండా డిస్క్‌ను పెట్టె మార్చకండి.

పరీక్షలో మీరు జవాబు ‘256’ అని వ్రాసి, మీటర్లో సెంటీమీటర్లో వ్రాయకపోతే నేను అర మార్కు తగ్గిస్తాను. “అంకె సరిగానే ఉంది గదా సార్!” అని మీరు అలుగుతారు. అంకె సరిగానే ఉండి కూడ మా నిధి పోబోయింది, చూశారుగా!

ఇప్పుడు మీకొక లెక్క. గది నంబరుకు 28 స్థానాలే ఉండి, గదికి 512 బైట్లయితే, ఎంత పెద్ద డిస్క్ వరకు లెక్కకు అందుతుంది? కట్టి చూడండి. జవాబు పక్కన ‘బైట్లు’ అని వ్రాయడం మాత్రం మరువకండి!