గాలి పల్చన... పరుగు చిక్కన!

మారథాన్ దూరం భూమ్మీద ఎక్కడైనా ఒక్కటే: 42 కిలోమీటర్ల 195 మీటర్లు. విశాఖ బీచ్ రోడ్డులో కొలిచినా అంతే, హిమాలయాల్లో కొలిచినా అంతే. మారేదల్లా గాలి! సముద్రం ఒడ్డున నిండుగా అందే ప్రాణవాయువు 11,500 అడుగుల ఎత్తులో మూడింట రెండొంతులే. 17,600 అడుగులకు చేరితే ఇంచుమించు సగమే. ఆ సగం ఊపిరితో పూర్తి దూరం పరుగెత్తే మనుషులున్నారు. పరుగెత్తించే చిన్న చిన్న ఊళ్లున్నాయి. వాళ్ల ఘనతలివి.

మొదటి పీట లేహ్‌ది. లద్దాఖ్‌లోని ఈ ఊరి ఎత్తు దాదాపు 11,500 అడుగులు. మన కొలతల్లో చెప్పుకుందాం. తాటిచెట్టు 60 అడుగులనుకుంటే, ఒకదాని మీద ఒకటి 190 తాటిచెట్లు నిలబెడితే గానీ లేహ్ బజారు అందదు. తిరుమల కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులు. అలాంటి కొండలు నాలుగు పేర్చాలి. హైదరాబాద్‌కు ఆరు రెట్లు పైన! తూర్పు కనుమల్లో తలెత్తుకు నిలబడే శిఖరాలు సైతం 5,500 అడుగుల దగ్గరే ఆగిపోతాయి. లేహ్ ప్రజలు దానికి రెట్టింపు ఎత్తులో కూరగాయలు కొనుక్కుంటారు.

2011 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో ఉన్నది 31 వేల మంది లోపే. 2010 ఆగస్టులో ఒకే ఒక్క రాత్రి విరుచుకుపడ్డ కుంభవృష్టి ఈ ఊరిని బురదలో ముంచి, వందల ప్రాణాలు తీసింది. రెండేళ్లకు, 2012లో, అదే ఊరు లద్దాఖ్ మారథాన్ మొదలుపెట్టింది. శిఖరం మీద ఒక్క పూట పందెం పెట్టి దిగిపోయే చోట్లు లోకంలో చాలా ఉన్నాయి. ఇక్కడ పిల్లలు బడికి వెళ్లే దారిలో, బార్లీ పొలాల పక్కన, సింధు నది పొంత నుంచి పరుగు సాగుతుంది. దారి పొడవునా ‘జూలే’ అంటూ పలకరింపులు. చిన్న ఊళ్ల మారథాన్లలో కిరీటం ఎవరికి అని అడిగితే, నా ఓటు నిస్సందేహంగా లేహ్‌కే.

లేహ్‌కు మించిన ఎత్తూ లేహ్ దగ్గరే ఉంది! అదే ఖార్దుంగ్ లా పరుగు. లద్దాఖీలో ‘లా’ అంటే కనుమ. ఈ కనుమ ఎత్తు సుమారు 17,600 అడుగులు. లేహ్ నెత్తిన ఇంకో వంద తాటిచెట్లు! పందెం దూరం 72 కిలోమీటర్లు. ఖార్దుంగ్ గ్రామం నుంచి తెల్లవారుజామున 3 గంటలకు, కటిక చీకట్లో బయలుదేరతారు. 32 కిలోమీటర్లు ఎక్కుడే ఎక్కుడు. ఆ తర్వాత 40 కిలోమీటర్లు లేహ్ దాకా దిగుడు. ఎక్కేటప్పుడు ఊపిరి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్ల పరీక్ష. అలవాటున్న లద్దాఖీ కుర్రాళ్లు మాత్రం కనుమ మీద ఒక కేక వేసి కిందికి ఉరుకుతారు.

గడ్డకట్టిన సరస్సు మీద జరిగిన హాఫ్ మారథాన్లలో అత్యంత ఎత్తైనది లద్దాఖ్‌లోని పాంగాంగ్‌ది. తేదీ 2023 ఫిబ్రవరి 20. ఎత్తు 13,862 అడుగులు. దూరం 21 కిలోమీటర్లు. పరుగెత్తింది 75 మంది. కాళ్ల కింద మట్టి లేదు, తారు లేదు, ఉన్నదంతా మంచుగడ్డే! చలికాలం రాత్రుల్లో సున్నాకు 30 డిగ్రీలు కిందికి దిగే చోటది. గిన్నిస్ పుస్తకంలో చోటు దక్కింది. వాతావరణం వేడెక్కితే ఇలాంటి పరుగుకు మంచే మిగలదని హెచ్చరించేందుకు, దీనికి ‘చివరి పరుగు’ అని పేరు పెట్టారు.

ఒక అపోహ తొలగించాలి. పైకెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు! బాపట్లలో అయినా ఎవరెస్ట్ మీద అయినా అది సుమారు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. అందుకే ఒక్కో శ్వాసలో లోపలికి చేరే సరుకు తక్కువ. దీనికి తిరుగులేని రుజువు పొయ్యి మీదే కనిపిస్తుంది. మన ఊళ్లో 100 డిగ్రీలకు మరిగే నీళ్లు లేహ్‌లో సుమారు 88కే మరిగిపోతాయి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌లో అయితే 82 డిగ్రీల దగ్గరే. మూతలేని గిన్నెలో పప్పు పెడితే పొద్దంతా ఉడుకుతూనే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ లేకుండా కొండ మీద కాపురం కష్టం.

ఆ బేస్ క్యాంప్‌లోనే మొదలయ్యే మారథాన్ ఒకటుంది. టెన్జింగ్ హిల్లరీ ఎవరెస్ట్ మారథాన్. బయలుదేరే చోటు 5,364 మీటర్లు, ముగిసే నామ్చే బజార్ 3,440 మీటర్లు. మధ్య తేడా 105 తాటిచెట్ల లోతు! దిగుడే కదా అనుకుంటే పొరపాటు. దారిలో బండరాళ్లు, హిమానీనదం ఒడ్డు, మధ్యమధ్య మళ్లీ ఎక్కుడు. 1953 మే 29న టెన్జింగ్, హిల్లరీ శిఖరం తొక్కారు. అర్ధశతాబ్ది సందర్భంగా 2003లో మొదలైన ఈ పరుగు ఏటా అదే తేదీన జరుగుతుంది.

పల్చని గాలిలో అత్యంత వేగవంతుడు? అమెరికాలోని కొలరాడోకు చెందిన మాట్ కార్పెంటర్. 1990లలో టిబెట్‌లో, 17,060 అడుగుల ఎత్తున, 3 గంటల 22 నిమిషాల 25 సెకన్లలో మారథాన్ ముగించాడు. మన నగరాల్లో నేల మీద ఈ సమయం సాధించడానికే ఏళ్ల తరబడి సాధన చేసేవాళ్లున్నారు. ఆయన శరీరం నిమిషానికి, కిలో బరువుకు 90 మిల్లీలీటర్లకు పైగా ఆక్సిజన్ వాడుకోగలదని పరీక్షల్లో తేలింది. ఆరోగ్యంగా ఉండే మామూలు కుర్రాడికి అది నలభై చిల్లర!

కార్పెంటర్ సొంత గడ్డ పైక్స్ పీక్. ఈ కొండ మీది మారథాన్‌లో మొదటి సగం 6,300 అడుగుల నుంచి 14,115 అడుగుల శిఖరానికి ఎక్కుడు. 160 అడుగుల చార్మినార్లు దాదాపు 49 నిలువుగా పేర్చినంత! రెండో సగం అదే దారిన దిగుడు. 1993లో ఆయన పెట్టిన 3 గంటల 16 నిమిషాల 39 సెకన్ల రికార్డును దశాబ్దాలపాటు ఎవరూ కదపలేకపోయారు. ఈ పందెం పుట్టుక మరీ విచిత్రం. 1956లో ఒక వైద్యుడు పొగ తాగేవాళ్లకు సవాలు విసిరాడు. బరిలోకి దిగింది 13 మంది. పొగ తాగేవాళ్లలో ఒక్కరూ పూర్తి చేయలేదు.

అదే కొండ మీద మరో కిరీటం ఆర్లీన్ పైపర్‌ది. 1959లో 9 గంటల 16 నిమిషాలు పరుగెత్తి, అమెరికాలో అధికారికంగా మారథాన్ ముగించిన తొలి మహిళ అయింది. తొమ్మిదేళ్ల కూతురు కూడా శిఖరం దాకా ఎక్కింది. బోస్టన్ మారథాన్ ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చింది 1972లో. అంటే పైపర్ పదమూడేళ్లు ముందుంది! తాను చరిత్ర సృష్టించానన్న సంగతి ఆమెకు తెలిసిందెప్పుడు? 2009లో. సరిగ్గా యాభై ఏళ్లకు!

అమెరికాలో నగర హోదా ఉన్న ఊళ్లన్నింటిలోకీ ఎత్తైనది లెడ్‌విల్. 10,150 అడుగులు, 169 తాటిచెట్లు. జనాభా మూడు వేలు కూడా లేదు. 1982లో పక్కనున్న క్లైమాక్స్ గని మూతపడింది. వేలమంది కూలీలు ఒక్కసారిగా వీధిన పడ్డారు. ఆ గనిలో పనిచేసిన కెన్ క్లూబర్ ఆలోచన ఇది: వచ్చినవాళ్లు కనీసం ఒక రాత్రయినా ఊళ్లో బస చేయాలంటే, ఒక రోజులో ముగియని పందెం పెట్టాలి! 1983లో 100 మైళ్ల పరుగు మొదలైంది. అంటే 161 కిలోమీటర్లు, గడువు 30 గంటలు, మధ్యలో 12,600 అడుగుల హోప్ కనుమను రెండుసార్లు దాటాలి. తొలి ఏడాది బయలుదేరింది 45 మంది, గమ్యం చేరింది పదిమంది. ఇక్కడ మారథాన్ కూడా ఉంది. అది ఏకంగా 13,185 అడుగుల మస్కిటో కనుమ దాకా పోయి వస్తుంది. గని మూసేస్తే ఊరు ఖాళీ కావడం మనం ఎన్నోచోట్ల విన్నాం. పరుగుతో నిలదొక్కుకున్న ఊరు మాత్రం ఇదే నాకు తెలిసి.

లెడ్‌విల్ విజేతల్లో నన్ను కట్టిపడేసిన పేరు విక్టోరియానో చుర్రో. మెక్సికో లోయల్లో ఉండే తరహుమారా తెగవాడు. 1993లో 100 మైళ్లు 20 గంటల 3 నిమిషాల్లో ముగించి మొదటివాడిగా వచ్చాడు. వయసు 55 ఏళ్లు! కాళ్లకు పాత టైరు రబ్బరుతో కోసుకున్న చెప్పులు! ఖరీదైన బూట్లేసుకున్న కుర్రాళ్లంతా ఆయన వెనకే.

ఎత్తు వల్ల తారుమారైన ఒలింపిక్స్ ఏవంటే 1968 మెక్సికో సిటీ. ఎత్తు 7,350 అడుగులు. పల్చని గాలి అంతగా ఎదురొత్తదు కాబట్టి పొట్టి పరుగులకు, దూకుళ్లకు పండగే పండగ. జిమ్ హైన్స్ 100 మీటర్లు 9.95 సెకన్లలో దాటాడు. బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకి, పాత రికార్డును ఏకంగా 55 సెంటీమీటర్లు మించాడు. అది 23 ఏళ్లు నిలిచింది. దూరపు పరుగులకు మాత్రం నరకం. 10,000 మీటర్ల స్వర్ణం 29 నిమిషాల 27 సెకన్లకు పోయింది. అప్పటి ప్రపంచ రికార్డు 27:39!

మారథాన్ సంగతి సరేసరి. అంతకు నాలుగేళ్ల ముందు టోక్యోలో అబెబె బికిలా 2 గంటల 12 నిమిషాల్లో గెలిచాడు. మెక్సికోలో 36 ఏళ్ల మామో వోల్డే గెలుపు సమయం 2:20:26. బికిలా కాలి గాయంతో 17 కిలోమీటర్ల దగ్గరే తప్పుకున్నాడు. 75 మంది మొదలుపెడితే 57 మందే చేరారు. ఆ 57వ వాడు టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అఖ్వారీ. దారిలో కిందపడి మోకాలు చితికినా, కట్టు కట్టుకుని కుంటుతూ, విజేత తర్వాత 65 నిమిషాలకు స్టేడియంలో అడుగుపెట్టాడు. ఆఖరివాడికి కూడా కిరీటం పెట్టాలనిపించే పరుగు ఇది.

తలసరి బంగారంలో ప్రపంచాన్ని ఓడించే ఊరు బెకోజి. ఇథియోపియాలో 2,800 మీటర్ల ఎత్తున ఉంది. వీధుల్లో గుర్రపుబళ్లు తిరిగే చిన్న పట్నం. అక్కడ పుట్టి పెరిగిన వాళ్ల లెక్క చూడండి. కెనెనిసా బెకెలే మూడు ఒలింపిక్ స్వర్ణాలు, తిరునేష్ డిబాబా మూడు, డెరార్టు తులు రెండు, ఫతుమా రోబా ఒకటి. మొత్తం తొమ్మిది! 140 కోట్ల భారతదేశానికి 2024 దాకా వచ్చిన వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణాలు రెండు. ఫతుమా గెలిచింది 1996 అట్లాంటా మారథాన్. ఆఫ్రికా ఖండానికి ఒలింపిక్ మహిళల మారథాన్‌లో అదే తొలి స్వర్ణం.

పెరూలోని హువాంకాయో కూడా తక్కువది కాదు. ఎత్తు 3,250 మీటర్లు. ఆండీస్ మారథాన్‌కు ఆతిథ్యమిచ్చే నగరం. 2019 పాన్ అమెరికన్ క్రీడల్లో పురుషుల మారథాన్ స్వర్ణం ఈ ఊరి క్రిస్టియన్ పచేకోది. మహిళల స్వర్ణం అదే హునీన్ ప్రాంతపు గ్లాడిస్ తెహెదాది. రెండూ ఒకే రోజు! ఆమె పుట్టిన ఊరి ఎత్తు 4,100 మీటర్లు, అంటే లేహ్ కన్నా దాదాపు 2,000 అడుగులు పైన.

ఇంకో రెండు ముక్కలు. స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్ మారథాన్ సరస్సుల ఊళ్లో 568 మీటర్ల దగ్గర మొదలై 2,320 మీటర్ల దగ్గర హిమానీనదం పక్కన ముగుస్తుంది. అమెరికాలోని బ్యాడ్‌వాటర్ పరుగు సముద్రమట్టానికి 85 మీటర్లు కింద, జులై ఎండలో మొదలై, 217 కిలోమీటర్లు సాగి 8,300 అడుగుల పైకి చేరుతుంది. పాతాళం నుంచి పర్వతానికి!

ఎత్తుల జాబితాలో మనమ్మాయి పేరు లేకపోతే ఎలా? నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. శిఖరం 484 తాటిచెట్ల ఎత్తు. అంతకుముందు శిక్షణలో ఆమె చలికాలపు చలిని రుచి చూసింది ఎక్కడో తెలుసా? లద్దాఖ్‌లోనే.

లేహ్ వెళ్లి పరుగెత్తాలనుకునే వారికి ఒక మాట. విమానం దిగిన రోజు, మర్నాడు పరుగు మాట తలపెట్టకండి. పడుకోండి, నీళ్లు తాగండి. ఎర్ర రక్తకణాలు పెంచమని మూత్రపిండాలు గంటల్లోనే కబురు పంపుతాయి గానీ, అవి తయారై రావడానికి వారాలు పడుతుంది. అందుకే కనీసం వారం పది రోజుల ముందు చేరుకోవాలి. తలనొప్పి ముదిరినా, వాంతులైనా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా పందెం వదిలేసి వెంటనే కిందికి దిగండి, వైద్యుణ్ని కలవండి. లద్దాఖ్ మారథాన్ ఏటా సెప్టెంబరులో జరుగుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. సాధన అక్కడే మొదలుపెట్టండి.